మామ ఫోన్లో మా అమ్మ

మా మేనమామ ఫోన్లో మనుషులుండరు. పనులుంటాయి.

నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కన ఆయనకు హోటలుంది. పాలు పోసే మనిషి పేరు ఆయన ఫోన్లో ‘పాలు’. సిలిండర్లు దించేవాడు ‘గ్యాస్’. మాంసం కొట్టాయన ‘బొక్కలు’, అంటే ఎముకలు. లైన్‌మన్ ‘కరెంటు’. ఒకే పనికి ఇద్దరుంటే పక్కన అంకె పడుతుంది: ‘గిన్నెలు 1’, ‘గిన్నెలు 2’. మామకు టైపు చేయడం రాదు. ఫోనును నోటికి అడ్డంగా పట్టుకొని, మైకు గుర్తు నొక్కి, గట్టిగా చెబుతాడు. అది తెలుగులో రాసుకుంటుంది. పనివాడు మానేస్తే పేరు తీసేయడు. ఆ పేరు కిందే కొత్తవాడి నంబరు ఎక్కిస్తాడు. పాత పాలు పోయి కొత్త పాలు వస్తుంది.

ఈ పద్ధతిని ఒకప్పుడు నేను మెచ్చుకున్నాను. నల్లగొండలో పాలిటెక్నిక్ చదివాను. చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో గేజీలూ మీటర్లూ సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. ఏదైనా ఒక వరసలో ఉంటే నాకు ముచ్చటేస్తుంది.

ఆ ముచ్చట పోయిన రోజు సంగతి చెబుతాను. మామ కొత్త ఫోన్ కొన్నాడు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించమని నన్ను పిలిచాడు. సెలవు రోజు కావడంతో హోటలుకు వెళ్లి, గల్లా పక్కన కూర్చుని, రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టుకున్నాను. మామ బయట, వచ్చిన పెళ్లి బస్సును ఎక్కడ ఆపాలో డ్రైవరుకు చేతులూపి చూపిస్తున్నాడు. పాత ఫోన్ మోగింది. తెర మీద ‘వంట 2’ అని వచ్చింది.

“మామా, ఫోన్!” అని కేకేశాను.

“నువ్వే ఎత్తు అల్లుడా, లోపట్నుంచే అది” అన్నాడు బస్సు దగ్గర్నుంచే, తెర చూడకుండా.

ఎత్తాను.

“తమ్మీ, ఉల్లిగడ్డ అయిపోవచ్చింది, జర మనిషిని పంపు” అంది మా అమ్మ.

తెర మీది పేరు మళ్లీ చూశాను. “తమ్మీ, ఇనవడ్తాందా?” అంది మళ్లీ. “నేనమ్మా” అన్నాను. “నువ్వా బిడ్డా? ఎప్పుడొచ్చినవ్? తిన్నవా?” అంది.

మా అమ్మ ఆయనకు సొంత అక్క. వాళ్లది హాలియా పక్క పల్లె. కాలువ నీళ్ల వరి ఊరు. మామకు నడక రాకముందే వాళ్లమ్మ పోయింది. అమ్మ అయిదో తరగతితో బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుంది. నాట్లకు పోతే గట్టు మీద పడుకోబెట్టి, ఏడిస్తే బురద చేతులతోనే ఎత్తుకునేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కష్టం కనబడదు, గొప్ప కనబడుతుంది. తర్వాత ఆమె పెళ్లయింది, నేను పుట్టాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నాయిన జబ్బు చేసి పోయాడు. మామ వచ్చి, “నా ఇల్లు నీది గాదా అక్కా, సామాను సదురు” అని మమ్మల్ని నార్కట్‌పల్లికి తెచ్చుకున్నాడు. అప్పుడు హోటలంటే రేకుల షెడ్డూ నాలుగు బండలూ. దాన్ని తెరిచిన రోజు పాలు పొంగించింది మా అమ్మే.

మా వైపు కొత్త ఇల్లయినా కొత్త కొట్టయినా ఆ ఇంటి ఆడబిడ్డ పాలు పొంగించాలి. పొంగిన పాలు తూర్పు దిక్కుకు జారితే అందరూ సంతోషిస్తారు. తర్వాత ఆమెను కూర్చోబెట్టి, ఇంటివాళ్లే దగ్గరుండి, అందరికంటే ముందు అన్నం పెట్టి, చీర పెడతారు. ఆ రోజు అమ్మకు అవన్నీ జరిగాయి. మర్నాడు పొద్దున ఆమె వంటింట్లోకి వెళ్లింది. అంతే, ఏళ్ల తరబడి అక్కడే ఉంది. నా చదువు ఆ వంటింటి వెనక గదిలోనే సాగింది.

అయితే ఒక సంగతి తెలియాలి. ఆమె లెక్కలో ఆమె వంటమనిషి కాదు. జీతం మాట ఆమె ఎత్తలేదు, ఎవరైనా ఎత్తినా ఊరుకునేది కాదు. పచ్చిపులుసు బాగుందని చెప్పడానికి బస్సుల వాళ్లు వంటింటి గడప దాకా వస్తే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “మా తమ్ముని హోటలే” అనేది. ఆ ఒక్క మాట మీద ఆమె అన్ని గంటలు పొయ్యి ముందు నిలబడగలిగింది. ఆ మాట నిజమా కాదా అన్నదే ఇక్కడ నేను రాస్తున్న సంగతి.

ఆ రోజు ఫోన్ పెట్టేసి, మామ ఫోన్లో పేర్లు చూశాను. అత్త తండ్రి ‘మామయ్య గారు’. బ్యాంకాయన ‘మేనేజర్ సార్ గారు’. గారు అనే మాట ఆయనకు తెలుసన్నమాట. అత్త ‘ఇల్లు’. నేను ‘వైఫై’. అది చూసి నవ్వొచ్చింది కూడా. ‘వంట 1’ ఎవరో వెతకాల్సిన పని లేదు. నల్లగొండ నుంచి వచ్చి బిర్యానీ వండే భాయ్. మంచి మనిషి, మా అమ్మను ‘ఆపా’ అని పిలుస్తాడు. ముక్కూ మొహం తెలియకుండా వేరే ఊరి నుంచి వచ్చినవాడికి ఆమె అక్క. చంకనెత్తుకొని పెంచినవాడికి ఆమె వంట. అందులోనూ రెండోది.

పేరు మార్చడానికి నాకు రెండు వేళ్లు చాలు. ఫోన్ నా చేతుల్లోనే ఉంది. ‘అక్క’ అని కొట్టేస్తే మామ గమనించేవాడు కూడా కాదేమో. మార్చలేదు. దానికి కారణం నా ఉద్యోగంలోనే ఉంది. ప్రెషర్ గేజీ తప్పు చూపిస్తోందని అనుమానం వస్తే, వెంటనే స్క్రూ తిప్పి సరిచేయకూడదు. అది ఉన్నదున్నట్టు ఏం చూపిస్తోందో ముందు నమోదు చేసుకోవాలి. తొందరపడి సరిచేస్తే, అంతకుముందు తప్పు ఎంతుండేదో చెప్పే ఆధారం పోతుంది. మనిషి నలుగురి ముందు అక్కా అని పిలవొచ్చు, పండగకు కాళ్లు మొక్కొచ్చు. ఫోన్లో పేరు పెట్టుకునేటప్పుడు మాత్రం ఎదురుగా ఎవరూ ఉండరు. అక్కడ ఆయన ఎవరికీ మర్యాద చేయనక్కర్లేదు. అందుకే అక్కడ పడిందే అసలు కొలత. దాన్ని చెరపకుండా, అక్షరం పోకుండా, కొత్త ఫోన్లోకి ఎక్కించాను.

“అయిపోయిందా అల్లుడా?” అన్నాడు మామ లోపలికొస్తూ.

“అన్నీ వచ్చినయ్ మామా. ఒక్కటి గూడ తప్పిపోలే” అన్నాను.

అమ్మకు చెప్పలేదు. ఆమె ఫోన్లో మామ పేరు ‘చిన్నోడు’. ఆమెకు పేర్ల కన్నా బొమ్మలు తొందరగా అందుతాయి కాబట్టి ప్రతి మనిషికీ నేను ఫోటో పెట్టి ఇచ్చాను. మామకు ఏ ఫోటో పెట్టాలంటే, గోడకున్న పాత ఫ్రేము చూపించింది. లంగావోణీలో అమ్మ, ఆమె చంకలో కాటుక చారల మొహంతో మామ, వెనక స్టూడియో వాడి నీలం తెర. ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ ఏడుపు మొహమే వచ్చేది. చూసి నవ్వుకొని ఎత్తేది. ఇక్కడ ఆయన ఇంకా చంక దిగలేదు. అక్కడ ఆమె పాలకూ గ్యాసుకూ గిన్నెలకూ తర్వాత ఎక్కడో ఉంది. రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను మరిచిపోయే రకం కాదు.

తర్వాత కొన్ని నెలలకు మామ హోటలు పక్కనే ఏసీ హాలు కట్టించాడు. ఫ్యామిలీలకు, చిన్న చిన్న ఫంక్షన్లకు. తెరిచే రోజు దగ్గర పడుతుంటే అమ్మ హడావుడి మొదలైంది. “పాలు పొంగియ్యాలె గదా బిడ్డా, కట్టుకోనీకి మంచి చీర లేదు” అంది. చౌటుప్పల్‌లో నేనే కొన్నాను. మిరపపండు రంగు, పసుపు అంచు. మడత విప్పి భుజం మీద వేసుకొని, “తమ్ముడు గూడ చీర పెడ్తడు గదా, గది ఇంకో పండక్కి కట్టుకుంటా” అంది.

ఆ రోజు పొద్దున్నే నేను వెళ్లేసరికి ఆమె ఆ చీర కట్టుకొని, మరకలు పడకుండా దాని మీద పాత టవలు చుట్టుకొని, వంటింట్లో అల్లం నూరిస్తోంది. పిలిచినప్పుడు టవలు తీసేసి పోవచ్చని. మామ తెల్లబట్టల్లో గడప దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు. చొక్కాకు పొగ వాసన పడుతుందని కావచ్చు.

“అక్కా, నువ్వు జర ఈడ్నే ఉండాలె. బగార అన్నం భాయ్ ఒక్కనితోటి గాదు.”

“పాలు?” అంది అమ్మ.

“నీ మరదలు చెల్లె వచ్చింది హైదరాబాద్ నుంచి. ఆమె పొంగిస్తది. వీడియో తీస్తున్రు గదా. పాలదేముందక్కా, ఎవలు పొంగిచ్చినా పొంగుతయ్.”

“అట్లనే తమ్మీ” అంది అమ్మ. ఆయన తిరిగిపోతుంటే టవలు ఇంకొంచెం గట్టిగా బిగించుకుంది.

నేను గడప పక్కనే ఉన్నాను. మామ నా భుజం మీద చెయ్యేసి హాల్లోకి నడిపించుకెళ్లాడు. “అల్లుడా, నా ఫోన్ల డ్రోన్ వీడియో ఉన్నది. గా పెద్ద టీవీల పడేటట్టు చెయ్. అందరు సూడాలె.”

“అందరు సూస్తరు మామా” అన్నాను.

ఫోన్ తెరను టీవీకి ఎక్కించడానికి చేయాల్సిన పనులు ఒక వరసలో ఉంటాయి. రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయో లేదో చూడాలి. తెర కలపాలి. శబ్దం సరిచూడాలి. చివరిగా, మధ్యలో వచ్చే ఫోన్లూ మెసేజీలూ టీవీ మీద కనబడకుండా ఆపాలి. మొదటివన్నీ జాగ్రత్తగా చేశాను. చివరిది చేయలేదు. నా పగంతా ఆ చేయని పనిలోనే ఉంది. ఇంకేమీ చేయనక్కర్లేదని నాకు తెలుసు. ఆ హోటల్లో వంటిల్లు దొడ్డివైపు, గల్లా రోడ్డువైపు. మధ్యలో పెద్ద వాకిలి. వంటింటికీ గల్లాకూ మధ్య ఏ కబురైనా ఫోన్లోనే పోతుంది. ఏది దించినా, ఏది అయిపోవచ్చినా, అమ్మ మామకు ఫోన్ చేస్తుంది. ఈ రోజూ చేస్తుంది. గోడకానుకుని నిలబడ్డాను.

హాలు నిండింది. ముందు సోఫాల్లో అత్త వైపు వాళ్లు, వెనక కుర్చీల్లో మా వైపు వాళ్లు, గోడల వెంట హోటలుకు సరుకు పోసేవాళ్లు. పాలు పొంగించడం అప్పటికే అయింది. మామ ఫోన్ చేతిలో పట్టుకొని వీడియో నడిపిస్తూ, టీవీ పక్కన నిలబడి చెబుతున్నాడు. “ఇగో, ఇది మన రేకులు. ఇగో ఇది కొత్త స్లాబు. పైకెళ్లి చూస్తే విజయవాడ దాకా మన రోడ్డే కనవడ్తది.”

టీవీలో స్లాబు పోయి, దాని మీద పెద్దగా ‘పాలు’ అని వచ్చింది. ఫోన్ మోగుతోంది.

“పాలు ఫోన్ చేస్తున్నయిరో! పొంగినమని చెప్పనీకేమో!” అన్నారెవరో. హాలంతా నవ్వింది. మామ ఫోనెత్తి, రేపు రమ్మని చెప్పి కట్ చేసి, నా వైపు చూశాడు.

“అల్లుడా, గిది బందు చెయ్యరాదు?”

“తీస్తే వీడియో మల్ల మొదట్నుంచి ఎక్కాలె మామా.”

“అయితే వద్దులే, ఉండనీ” అన్నాడు.

గోడ పక్క నిలబడ్డ మాంసం కొట్టాయన మెల్లగా జేబులోంచి ఫోన్ తీశాడు. టీవీ మీద ‘బొక్కలు’ అని పడింది. ఆయన నెత్తి మీది రుమాలు తీసి, “ఏం సేటూ, ఇన్నేండ్ల సంది నేను నీకు బొక్కలనా? బొక్కలల్ల మాంసం గూడ ఏస్తి గదా!” అన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఇక అది ఆటయిపోయింది. అత్త తమ్ముడు సోఫాలోంచే నంబరు నొక్కాడు. ‘సగం సీసా’. ఆయన అలవాటు తెలియనివాళ్లు ఆ హాల్లో లేరు. “బావా, సగమేంది, నిండు సీసా తాగినోన్ని!” అని ఆయనే అరిచాడు. మామ కూడా నవ్వుతున్నాడు. ఏసీలో చెమట తుడుచుకుంటూ, “ఊకెనే పెట్టిన, యాదికుండనీకి” అంటున్నాడు.

అందరూ నవ్వుతుండగా ‘వంట 2’ అని వచ్చింది.

ఇంకా నవ్వారు. “లెక్కలు గూడ ఉన్నయిరా నాయినా!” అని వెనక నుంచి ఒకాయన. మామకు ఫోన్ వస్తే పచ్చగుర్తూ స్పీకరూ కలిపి నొక్కే అలవాటు. ఫోనును ఎప్పుడూ చెవికి పెట్టుకోడు, నోటి ముందే పట్టుకుంటాడు. ఆ అలవాటు చొప్పున నొక్కేశాడు.

“తమ్మీ, బగార దించిన” అంది మా అమ్మ గొంతు, హాలు మధ్యలో. “పాలు మంచిగ పొంగినయా? తూర్పుకేనా జారింది?”

నవ్వు ముందు సోఫాల నుంచి వెనక్కి వరసగా ఆగిపోయింది. అత్త చెల్లెలు తన చేతులు చూసుకుంది.

మా వైపు కుర్చీల్లో ముందు కూర్చున్నది అమ్మకూ మామకూ చిన్నమ్మ. నాకు అమ్మమ్మ వరస. హాలియా నుంచి బస్సులో వచ్చిన ముసలామె, చెవులు సరిగా వినబడవంటారు. ఆ గొంతు మాత్రం వినబడింది.

“గది పెద్దపిల్ల గొంతు గాదుర? వంట రెండంటున్రు, ఏందిర చిన్నోడా?”

మామ టీవీ వైపు తిరిగాడు, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

“అడిగేది నిన్నే. రెండు అదయితే, మరి ఒకటో నంబరెవలు?”

ఫోన్ ఇంకా కట్ కాలేదు. మామకు ఆ స్పృహే లేదు. టీవీ మీద ‘వంట 2’ కింద అంకెలు కదులుతూనే ఉన్నాయి. స్పీకర్లో వంటింటి ఫ్యాను రొద వినబడుతోంది. అంటే ఇక్కడి మాటలన్నీ అక్కడికి పోతున్నాయి. కాసేపటికి ఆ రొద పలచబడింది. అమ్మ నడుస్తోందని అర్థమైంది.

వాకిలి దాటి, హాలు తలుపు తోసుకొని, చెవి దగ్గర ఫోన్‌తో మా అమ్మ లోపలికి వచ్చింది. వెనకాలే భాయ్. “ఆపా, ఏమాయె?” అని అడుగుతున్నాడు. ఆమె టవలు తీసేసింది. మిరపపండు చీర మీద ఎక్కడా మరక లేదు. టీవీ ముందు నిలబడి, చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నట్టు పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం చదువుకుంది. అంకె దగ్గర ఆగింది. తమ్ముడి వైపు చూసి, ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు, అయినా ఫోన్లోనే మాట్లాడింది. ఆమె మాట ఆమె నోట్లోంచీ ఆయన చేతిలోంచీ రెండుసార్లు వినబడింది.

“తమ్మీ. వంట రెండు పని ఇడిసిపెట్టి పోయింది. ఇంటి ఆడిబిడ్డ వచ్చింది. కూసోమనవా?”

ఫోన్ కట్ చేసింది. టీవీ మీదకు స్లాబు తిరిగొచ్చింది.

“రా బిడ్డా, నా పక్కకు రా” అని చిన్నమ్మ కుర్చీ లాగింది. అమ్మ కూర్చుంది. మామ వడ్డించే కుర్రాడికి సైగ చేయబోయాడు.

“ఆ పిల్లగాడు గాదు. నువ్వెయ్యి ఆకు” అంది అమ్మ.

ఆయన వేశాడు. బగారా తెచ్చాడు. కూర తెచ్చాడు. తెల్లచొక్కా మీద నూనె పడింది. ఇంత మందీ చూస్తుండగా అమ్మ తొందరపడకుండా కలుపుకొని తిన్నది. నా చిన్నప్పటి నుంచీ ఆమె నిలబడి తినడమే చూశాను. కూర్చుని, ఒకరు వడ్డిస్తుంటే తినడం చూడలేదు.

“మంచిగున్నది” అంది. “ఎవలొండిండ్రు తమ్మీ?”

మామ గరిటెతో ఇంకొంచెం కూర వేయబోయాడు.

“చెప్పరాదు. పేరు చెప్తే మెచ్చుకుంటా.”

“నువ్వే గదక్కా” అన్నాడు, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

“నేనెందుకొండుత? నేను సుట్టాన్ని” అంది అమ్మ. “పచ్చిపులుసుల జర ఉప్పు తక్కువైంది. ఒండినామెకు చెప్పు.”

చిన్నమ్మ కిసుక్కున నవ్వింది. అత్త ముందు సోఫా నుంచి లేచింది. “ఏంది వదినా, ఇంత మంది ముంగట! ఇంట్ల మాట్లాడుకుంటే గాదా?”

“నాదయితే తెలిసింది మరదలా. నిన్నేమని పెట్టిండో నువ్వు గూడ సూస్కోరాదు” అంది అమ్మ, పులుసు పోసుకుంటూ.

అత్త నంబరు నొక్కుతుందని నేననుకోలేదు. నొక్కింది. టీవీ మీద పెద్దక్షరాలతో ‘ఇల్లు’ అని వచ్చింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు నేను టీవీ నుంచి ఫోన్ తెర తప్పించాను. “అయిపోయింది మామా” అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. చేయని పని ఏదో ఆయనకు ఆ క్షణాన అర్థమైందనే నా నమ్మకం. నేను కళ్లు తిప్పుకోలేదు.

అన్నం తిన్నాక అమ్మ ఆకు తీయలేదు. సుట్టాలు ఆకు తీయరు. చెయ్యి కడుక్కొని వెనక గదికి వెళ్లి సామాను సర్దింది. మామ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. “అక్కా, ఫోన్ల పేరుకే గింత కోపమా? గది పనికోసం పెట్టుకున్న పేరు.”

“గదే గదా తమ్మీ నేనన్నది. పనికోసం పెట్టుకున్నవ్” అంది.

గోడకున్న పాత ఫ్రేమును అమ్మ తీసుకోలేదు. అది ఆయన ఇంట్లోనే ఉంది. భాయ్ సంచులు తెచ్చి బస్సెక్కించాడు. “ఆపా, మీరు లేకుంటే పచ్చిపులుసు ఎవలు చేస్తరు?” అన్నాడు. “మూడో నంబరు వస్తది భాయ్” అంది అమ్మ.

బస్సు కదిలాక ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టింది. “గా చిన్నోని బొమ్మ తీసెయ్.”

“ఏం పెట్టాలె అమ్మా? హోటలని పెట్టనా?” నా ఫోన్లో నేను అప్పటికే అలా మార్చుకున్నాను. ఆయన పద్ధతే ఆయనకు.

“ఏమొద్దు. పేరే వద్దు. ఉత్త నంబరుండనీ.”

తీసేశాను. బొమ్మ పోయింది, పేరు పోయింది, పది అంకెలు మిగిలాయి. ఆ అంకెలు ఆమెకు నోటికి తెలుసు. పొయ్యి ముందు నుంచి ఇన్నేళ్లు నొక్కిన నంబరు.

ఇప్పుడు మేం చౌటుప్పల్‌లో కిరాయి గదిలో ఉంటున్నాం. మామ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. పచ్చిపులుసు కోసం దిగే బస్సులు తగ్గాయని భాయ్ చెబితే విన్నాను, దానికి నాకేమీ బాధ కలగలేదు. ఒకసారి మామ నాకే ఫోన్ చేశాడు. “అల్లుడా, అక్క ఫోన్ల నా పేరు ఎక్కియ్యరాదు? చేసినప్పుడల్లా ఎవలని అడుగుతాంది, ఇజ్జత్ పోతాంది.”

“చూస్తా మామా” అన్నాను. ఆ పనికి నాకు రెండు వేళ్లు చాలు. ఇప్పటిదాకా చేయలేదు.

మొన్న ఆదివారం అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే ఫోన్ మోగింది. తెర వైపు వంగి చూసింది. ఆమె పెదవులు అంకెల్ని ఒకటొకటిగా పలకడం నాకు కనబడింది. చివరి అంకె దాకా పలికింది. కొంగుతో చేతులు తుడుచుకొని, ఎత్తి, నాకూ వినబడాలని స్పీకరు నొక్కింది.

“ఎవలూ?”

అవతల హైవే మీద బండ్ల చప్పుడు.

“నేనక్కా.”

“నేనంటే ఎవలు?”

“నీ పేరు మార్చిన అక్కా. అక్క అని పెట్టిన. ఒట్టు.”

“పెట్టుకో. నీ ఫోను నీ ఇష్టం” అంది అమ్మ. “మాట్లాడేదెవలో చెప్పలే.”

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆయన ఆగాడు.

“నీ తమ్మున్ని.”

“ఆఁ, చెప్పు” అంది అమ్మ, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ.